రోజూ చెంబెడు నీళ్ళు

తప్పెవరిదో తేల్చడానికి బావగారికి బానెట్ ఎత్తి చూడాల్సిన అవసరం కూడా రాలేదు. డ్రైవింగు పరీక్షల మైదానం గేటు దగ్గర ఆటో దిగి, చొక్కా సర్దుకుని, పొగలు కక్కుతున్న కారు వైపు ఒక్కసారి చూసి, అక్కడే అంతమంది ముందు తీర్పు చెప్పేశారు.

"పొద్దున నీళ్ళు చూసుకోలేదన్నమాట."

"చూసుకున్నాను బావగారూ," అంది టీచరమ్మ.

"చూసుకుంటే ఎందుకు పొంగుతుంది?"

ఆ ప్రశ్నకి ఆమె దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోవడమే నేరం రుజువు కావడానికి సరిపోయింది. బావగారు దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యడానికి తాడు వెతికే మనుషులే చుట్టూ నిలబడ్డవాళ్ళంతా. నేర్చుకునేవాళ్ళు, నేర్పేవాళ్ళు, పరీక్ష పెట్టే ఆఫీసరు దగ్గర కాగితాలు పట్టుకున్న గుమాస్తా, అందరూ అయ్యో పాపం అన్నట్టు తలలూపారు. పాపం అన్నది కారుని చూసి.

బావగారంటే టీచరమ్మ భర్తకి అన్నగారు, డ్రైవింగు స్కూలు యజమాని. ఆ స్కూల్లో అన్నిటికన్నా పాత కారుకి ముసలమ్మ అని పేరు. పక్క సీటు కింద రెండో బ్రేకు ఉన్న ఆ ముసలమ్మలో కూర్చుని టీచరమ్మ ఎంతమందికి డ్రైవింగు నేర్పిందో ఆమెకే గుర్తులేదు. ఆడమనిషి దగ్గర నేర్చుకోవడమేమిటని మొదటిరోజు ముఖం మాడ్చుకున్న మగవాళ్ళు కూడా నాలుగో రోజుకి దారిలోకి వచ్చేవారు. గొంతు పెంచకుండా నేర్పుతుందని ఆమెకి పేరు.

ఆ రోజు స్టీరింగు ముందున్నది లాండ్రీ ఆవిడ. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది. వేడి నీళ్ళకీ సోడాకీ చేతులు తెల్లగా పాలిపోయి ఉంటాయి. అక్కడ వ్యాను నడిపే అతను మానేస్తున్నాడు. లైసెన్సు తెచ్చుకుంటే ఆ సీటు నీదేనని యజమాని మాటిచ్చాడు. అందుకని పొద్దున తొట్ల దగ్గర పని ముగించుకుని, తడి చీర మార్చుకుని పరుగెత్తుకొచ్చి నేర్చుకుంది. ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా కదిలించే పరీక్ష ఒక్కటే మిగిలింది. చెయ్యిబ్రేకు వేసి ఆపింది. క్లచ్ వదలబోతుండగా వేడి సూది ఎర్రగీత దాటి పడుకుంది, బానెట్ అంచుల్లోంచి ఆవిరి బుసకొట్టింది. ఆఫీసరు రెండడుగులు వెనక్కి వేసి, బండి బాగుచేయించుకుని శుక్రవారం రమ్మన్నాడు. శుక్రవారం కూడా తప్పితే ఇక వచ్చే నెలే. అప్పటికి ఆ వ్యాను సీట్లో ఇంకెవరో ఉంటారు.

"తాళాలు ఇలా ఇయ్యి," అన్నారు బావగారు. "బాగయ్యాక దీన్ని కొత్త మాస్టారు నడుపుతాడు. నువ్వు ఆఫీసులో కూర్చుని రోడ్డు గుర్తుల బోర్డులు చెప్పుకో. ఎండలో తిరిగే బాధ ఉండదు, నీడపట్టున ఉంటావు."

సీటు లాక్కోవడం కూడా ఏదో ఉపకారం చేస్తున్నట్టే చేశారు. టీచరమ్మ తాళాలు ఆయన చేతిలో పెట్టి, ఆయన వెనక నిలబడ్డ భర్త వైపు చూసింది. స్కూల్లో రసీదులు రాసేది ఆయనే. ప్రతి పొద్దున్నా పంపు దగ్గర చెంబు నింపి ఆమెకి అందించేదీ ఆయనే. ఆయన ఆ క్షణాన ముసలమ్మ వెనక టైరుని, ఇంతకుముందెన్నడూ టైరు చూడనట్టు, ఎంతో శ్రద్ధగా చూస్తున్నాడు.

లాండ్రీ ఆవిడ దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది. "అక్కా, నేనేమైనా తప్పు తొక్కానా?"

"నువ్వేం తప్పు తొక్కలేదు. సరిగ్గానే తొక్కావు," అంది టీచరమ్మ.

సాయంత్రం ఇంట్లో ఆరిన బట్టలు మడతపెడుతూ టీచరమ్మ ఒక్కో చొక్కానీ దులుపుతుంటే టపటపమని చప్పుడు.

"అన్నయ్య కోపం పాలపొంగు. నీకు తెలియనిదా," అన్నాడు భర్త.

"ఆయనది పాలపొంగైతే కిందున్న పొయ్యిని నేనా? ఎప్పుడు పొంగినా నా మీదే పడుతుంది."

"అలా కాదు..."

"రోజూ చెంబు నింపి ఇచ్చేది ఎవరు?"

"నేనే."

"నేను పోస్తున్నప్పుడు పక్కన నిలబడి, ఇంకాస్త పడుతుంది పొయ్యి అనేది ఎవరు?"

"నేనే అనుకో."

"మరి అంతమందిలో ఆ ఒక్క ముక్క చెప్పడానికి మీకేం అడ్డం వచ్చింది?"

భర్త నీళ్ళు నమిలాడు. అన్నయ్య ఎదుట ఆయనకి అలవాటైన పని అదొక్కటే. ఇంట్లో కూడా అదే చేస్తుంటే టీచరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ఇన్నాళ్ళూ నేను బండికి పోసిన నీళ్ళకన్నా మీరు నమిలిన నీళ్ళే ఎక్కువ," అని, చొక్కా ఆయన ఒళ్ళో పడేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ స్కూలుకి ఒక పద్ధతి ఉంది. బావగారు ఒకప్పుడు లారీలు నడిపారు. పొద్దున్నే ఇంజనుకి నీళ్ళు పోశాకే తాను టీ తాగేవారు. అదే సూత్రం ఇక్కడా పెట్టారు. తెల్లారేసరికి మాస్టార్లందరూ ఆవరణలోని పంపు దగ్గర చెంబులతో వరసగా నిలబడాలి. ఎవరి బండికి వాళ్ళు రేడియేటర్ మూతిదాకా, పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా నిండా నీళ్ళు పోసుకోవాలి. తర్వాతే టీ, తర్వాతే తాళం. జ్వరం వచ్చిన రోజు కూడా టీచరమ్మ ఆ చెంబు మానలేదు. ముసలమ్మ నీళ్ళు రోజూ కొంచెం తగ్గేవి. వయసైంది, దాహం ఎక్కువ అనుకుని ఆమె ఇంకాస్త ప్రేమగా పోసేది. అలాంటి మనిషిని పట్టుకుని నీళ్ళు చూసుకోలేదంటే, వంట మనిషిని పట్టుకుని పొయ్యి వెలిగించలేదన్నట్టే కదా.

మర్నాడు ఆమె రోడ్డు గుర్తుల బోర్డుల దగ్గరికి వెళ్ళలేదు. తిన్నగా మెకానిక్ షెడ్డుకి వెళ్ళింది.

మెకానిక్ ముసలమ్మ కింద పడుకుని ఉన్నాడు. లావుపాటి మనిషి. కారు కిందకి దూరడం, బయటికి రావడం రెండూ ఆయనకి ఆయాసమే. ఆమె గొంతు విని కిందనుంచే మాట్లాడాడు.

"ఇంజను చల్లారింది. రండి, మీరే చూడండి, ఏం తాగించారో."

రేడియేటర్ అడుగున బిరడా తిప్పి, కింద తట్ట పెట్టాడు. చిక్కటి ఎర్రమట్టి రంగు నీళ్ళు మందంగా కారాయి. మధ్యలో తుప్పు పెళ్ళలు. ఆయన బయటికి జరిగొచ్చి, రేడియేటర్ మూతలో వేలుపెట్టి గీకి, గోట్లో వచ్చిన తెల్లటి పొడి చూపించాడు.

"ఇది నీళ్ళలో ఉప్పు. గార కట్టి లోపల సన్నగొట్టాలు పూడుకుపోయాయి. కూలెంట్ చుక్క లేదు ఇందులో. ఉత్త పంపు నీళ్ళు. ఎవరమ్మా పోసేది?"

"నేనే," అంది టీచరమ్మ. నిన్నటినుంచి ఈ మాట చెప్పుకోవడానికి మనిషి దొరక్క తిరుగుతోంది. "రోజూ. మూతిదాకా. ఒక్కరోజు కూడా మానలేదు. కావాలంటే పంపు దగ్గర ఎవర్నైనా అడగండి."

మెకానిక్ చేతులు గుడ్డకి తుడుచుకుని, పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు.

"అందుకే పొంగింది," అన్నాడు.

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. ఆయన నిదానంగా చెప్పాడు. కూలెంట్ అంటే రంగునీళ్ళు కాదు, మందు. ఇనుము తుప్పు పట్టకుండా, నీళ్ళు తొందరగా మరగకుండా కాపాడుతుంది. వేడెక్కితే అది ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటుండాలనే పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా మీద గీతలు పెట్టారు. మూతిదాకా పోస్తే ఉబ్బినదంతా పొర్లి రోడ్డు పాలవుతుంది. చల్లారాక చూస్తే మట్టం తగ్గి కనబడుతుంది. తగ్గింది కదాని మళ్ళీ చెంబెడు. పొర్లిన ప్రతిసారీ కాస్త మందు పోతుంది, పోసిన ప్రతిసారీ కాస్త ఉప్పునీళ్ళు చేరతాయి. కొన్ని నెలలు అలా చేస్తే మిగిలేది తుప్పూ గారే.

టీచరమ్మ తట్టలోని నీళ్ళకేసి చూస్తూ నిలబడిపోయింది. పోయలేదని తిట్లు తింది. తీరా చూస్తే పోసినందుకే పాడైందట. ఏడవాలో నవ్వాలో తెలియక, ఆ రెంటికన్నా దగ్గరగా ఉన్న కోపాన్నే పట్టుకుంది.

"ఇంత తెలిసినవారు, మా బండ్లన్నీ మీ దగ్గరికే వస్తాయి కదా. ఒక్కనాడైనా చెప్పారా?"

"చెప్పానమ్మా మీ బావగారికి. లారీలు నడిపినవాడిని, నాకు నేర్పుతావా అన్నారు. పెద్దాయనతో మనకెందుకులే అని ఊరుకున్నా."

"అందరూ ఊరుకునేవాళ్ళే," అంది ఆమె. "పడేదాన్ని మాత్రం నేను."

మెకానిక్ ఏమీ అనుకోలేదు. గార కరిగించే మందు రేడియేటర్లో పోసి, ఈలోగా ఏదో ఒక కూలెంట్ డబ్బా తెచ్చుకొమ్మన్నాడు. "పచ్చదైనా ఎర్రదైనా ఫరవాలేదు. ఈ ముసలిదానికి అంత ముద్దులెందుకు," అన్నాడు.

ఏదో ఒకటి అన్న మాటే ఆమెకి ఇప్పుడు గిట్టడం లేదు. ఇన్నాళ్ళూ ఏదో ఒకటి పోసిన ఫలితం తట్టలో కనబడుతూనే ఉంది.

విడిభాగాల కొట్టులో అరలనిండా డబ్బాలు. పచ్చవి, ఎర్రవి, నీలివి, గులాబీవి. కొట్టాయన ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, అడక్కుండానే ఒక ఎర్ర డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదే తీసుకోండి. సరికొత్త రకం. ఏళ్ళ తరబడి మార్చక్కర్లేదు."

"మా కారు పాతదండి. రేడియేటర్ రాగిది. అతుకులు వేయించిందే."

"దేనికైనా పడుతుంది."

టీచరమ్మ ఆ డబ్బా తిప్పి చూసింది. సన్నటి అక్షరాలు చాలానే ఉన్నాయి, ఆమెకి కావలసిన ముక్క మాత్రం కనబడలేదు. కానీ మనుషుల్ని చదవడం ఆమె వృత్తి. పక్క అద్దం చూడకుండానే చూశానని చెప్పేవాళ్ళ మెడ ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. కొట్టాయన ఆ మాట అన్నప్పుడు కళ్ళు వీధిలోకి తిప్పుకున్నాడు.

"మీకూ పాత బండి ఉందా?" అని అడిగింది.

"ఉంది, మా నాన్నది. ఇప్పటికీ నడుస్తోంది."

"దాంట్లో మీరేం పోస్తారు?"

కొట్టాయన ఫోనులో అవతలివాళ్ళని ఆగమని, మొదటిసారి ఆమెని సరిగ్గా చూశాడు. తర్వాత నవ్వి, ఎర్ర డబ్బా పక్కకి జరిపి, కింద అరలోంచి దుమ్ము పట్టిన మరో డబ్బా తీశాడు.

"ఇది పాతరకం. రాగి రేడియేటర్లకీ అతుకులకీ ఇదే మంచిది. ఆ కొత్తరకాలు ఎక్కువగా అల్యూమినియం బండ్లని చూసి చేసినవి. దీంతో ఒకటే గొడవ, తొందరగా శక్తి పోతుంది, రెండేళ్ళకోసారి మార్చుకోవాలి. ఎవరూ మార్చుకోరు. అందుకని ఎవరికీ ఇది చూపించను."

"రంగు పచ్చది కదా. పచ్చవన్నీ ఇదేనా?"

"రంగుని నమ్మకండి. రంగు కంపెనీవాడిష్టం. డబ్బా మీద రకం చూసుకోవాలి. రెండు రకాలు మాత్రం కలపకండి. ఒకదానికొకటి పడకపోతే ముద్దకట్టినా కడుతుంది. ఇది చిక్కటిది, సగానికి సగం నీళ్ళు కలపాలి. పంపు నీళ్ళు కాదు, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్."

పంపు నీళ్ళు అన్నప్పుడు ఆమె ముఖం ఎర్రబడింది. కొట్టాయన గమనించలేదు. ఆయన మళ్ళీ ఫోనులోకి వెళ్ళిపోయాడు.

షెడ్డుకి తిరిగొచ్చాక ఆ పని తానే చేస్తానంది. మెకానిక్‌కి వేరే బండి మీద పని ఉంది, సరేనని చోటిచ్చాడు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఆయన పాత చొక్కా ఒకటి పైన తొడుక్కుంది. మంచినీళ్ళు పోసి, ఇంజను కాసేపు నడిపి, ఆపి, చల్లారేదాకా కూర్చుని, బిరడా తీసి దింపింది. ఎర్రగా వచ్చాయి. మళ్ళీ పోసి మళ్ళీ దింపింది. కారులోపల హీటర్ గుండీ పూర్తిగా వేడి వైపు తిప్పి ఉంచితే ఆ మూలనున్న మురికి కూడా కదులుతుందని మెకానిక్ దూరంనుంచే కేకేశాడు. అలా తిప్పి ఇంకోసారి పోసింది. నీళ్ళు ఎరుపు తగ్గి, పసుపు తగ్గి, మధ్యాహ్నం దాటాక తేటగా దిగాయి. ఆఖరి విడత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, బిరడా బిగించింది. తట్టలోని మురుగుని సీసాల్లోకి ఒంపి గట్టిగా మూత పెట్టింది. మందు కలిసినది ఏదైనా తియ్యగా ఉంటుందట, వీధికుక్కలు నాకితే చచ్చిపోతాయట.

కూలెంటూ నీళ్ళూ సగం సగం కలిపి గరాటుతో పోస్తుండగా భర్త వచ్చాడు. అన్నం క్యారేజీ పక్కన పెట్టి, అడక్కుండానే గరాటు పట్టుకున్నాడు.

"అన్నయ్యతో మాట్లాడాను," అన్నాడు.

ఆమె పోయడం ఆపింది.

"రేడియేటర్ పాతబడిపోయిందని, మెకానిక్ అన్నాడని చెప్పా. కాసేపు సణిగి కరిగాడు. శుక్రవారం పరీక్షకి నిన్నే తీసుకెళ్ళమన్నాడు. బండి నీకే."

"మెకానిక్ ఆ మాట అనలేదు. నీళ్ళు పోయడం వల్ల పోయిందన్నాడు."

"ఆయన ఫోనులో అదే చెప్పాడు నాకు. అందుకే ఆ ముక్క మింగేశా." భర్త గొంతు తగ్గించాడు. "అదెత్తితే ఏమవుతుందో ఆలోచించు. పోసింది నువ్వు. నీ చేత్తోనే పాడుచేశావంటాడు. పైగా అన్నయ్య పెట్టిన పద్ధతి తప్పనాలి. శుక్రవారం ఆ లాండ్రీ ఆవిడ పరీక్ష ఉంది కదా."

ఇన్నాళ్ళకి ఆయన తనకోసం నోరు విప్పాడు. విప్పి అబద్ధం చెప్పాడు. దీనికి సంతోషించాలో తిట్టాలో టీచరమ్మకి తెలియలేదు. పైన ఉన్న లావు గొట్టాన్ని పిడికిట పట్టి నొక్కింది. లోపల చిక్కుకున్న గాలి బుడబుడమంటూ రేడియేటర్ మూతిలోకి వచ్చి పగిలింది. నొక్కినకొద్దీ వస్తూనే ఉంది.

"మిగతా బండ్ల సంగతి?" అంది.

"నడుస్తున్నాయిగా."

మూత తీసే ఉంచి ఇంజను నడిపారు. మట్టం దిగింది, ఇంకాస్త పోసింది. ఫ్యాను తిరిగి ఆగింది. మూత బిగించి, డబ్బాలో రెండు గీతల మధ్యదాకా పోసి ఆపేసింది. ఇంకా చాలా చోటు కనబడుతుంటే చెయ్యి ఊరుకోలేదు. బలవంతంగా వెనక్కి తీసుకుంది. శుక్రవారం పరీక్ష అయిపోయాక చెప్పేద్దాం అనుకుంది. అనుకున్నాక అది న్యాయంగానే తోచింది.

శుక్రవారం పొద్దున ఆవరణలో పంపు దగ్గర చెంబుల వరస మామూలుగానే ఉంది. టీచరమ్మ వరసలో నిలబడలేదు. బావగారే ఎదురొచ్చి తాళాలు చేతికిచ్చారు.

"ఏదో కోపంలో అన్నానమ్మాయ్. మనసులో పెట్టుకోకు. రేడియేటర్ పాతదైతే ఎవరేం చేస్తారు."

"సరే బావగారూ," అంది. తాళాలు చేతిలో పడేసరికి ప్రాణం లేచొచ్చిన మాట నిజం.

లాండ్రీ ఆవిడ అప్పటికే వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది, పాలిపోయిన చేతులు చీరకి తుడుచుకుంది. టీచరమ్మ తలుపు తెరవబోతుండగా గేటులోంచి కొత్త మాస్టారి కారు వచ్చింది. తనంతట తాను రాలేదు, ఇద్దరు వెనకనుంచి తోస్తున్నారు. ముందునుంచి ఆవిరి. కొత్త మాస్టారు స్టీరింగు పట్టుకుని పక్కన నడుస్తున్నాడు. ముప్పై ఏళ్ళ మనిషి, పనిలో చేరి ఇంకా మూడు నెలలు నిండలేదు. మొన్న ముసలమ్మని తనకి ఇస్తారన్నప్పుడు మీసం కింద నవ్వు దాచుకున్నవాడే. ఇప్పుడు ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అప్పటికే ఆఫీసు మెట్లెక్కిన బావగారు కిందికి దిగలేదు.

"పొద్దున నీళ్ళు చూసుకోలేదన్నమాట."

"పోశానండీ. మూతిదాకా పోశాను."

"పోస్తే ఎందుకు పొంగుతుంది?"

కొత్త మాస్టారు చుట్టూ చూశాడు. వరసలో అతని ముందూ వెనకా నిలబడ్డవాళ్ళు చెంబులు చూసుకుంటున్నారు. అతని చూపు తిరిగి తిరిగి టీచరమ్మ దగ్గర ఆగింది. భర్త లోపల రసీదుల దగ్గరున్నాడు, బావగారి ప్రశ్నకి ఆ ఆవరణ మొత్తంలో జవాబు తెలిసినది ఆమెకొక్కదానికే. తాళాలు ఆమె చేతిలో ఉన్నాయి. చెబితే అవి ఉండవు, పరీక్ష ఉండదు, వ్యాను ఉండదు. గొంతుదాకా వచ్చింది.

"అక్కా, టైమవుతోంది," అంది లాండ్రీ ఆవిడ లోపల్నుంచి.

టీచరమ్మ కారెక్కి తలుపు వేసుకుంది.

పరీక్షల మైదానంలో ఎత్తు మీద ముసలమ్మ ఆగింది. చెయ్యిబ్రేకు పడింది. క్లచ్ మెల్లిగా లేచింది, బ్రేకు వదిలింది, బండి వెనక్కి వెంట్రుకవాసి కూడా జారకుండా ముందుకు కదిలింది. వేడి సూది మధ్యలో స్థిరంగా నిలబడింది. ఆఫీసరు తలూపాడు. కారు దిగగానే లాండ్రీ ఆవిడ టీచరమ్మ రెండు చేతులూ పట్టుకుని, మాట రాక, ఊరికే ఊపింది. "ముందు మా యజమానికి చెప్పాలక్కా," అని కళ్ళు తుడుచుకుంటూ బస్సు వైపు పరుగెత్తింది. ఇంత మంచి పని చేసిన రోజున కూడా టీచరమ్మకి నోరంతా చేదుగానే ఉంది.

తిరిగొచ్చేసరికి కొత్త మాస్టారు ఆవరణలో బెంచీ మీద కూర్చుని సంచీ సర్దుకుంటున్నాడు. టిఫిన్ డబ్బా, తువ్వాలు, వాన చొక్కా.

"బోర్డులు చెప్పమన్నారా?" అని అడిగింది ఆమె.

"లేదండీ. సోమవారం నుంచి రావద్దన్నారు."

ఆమె ఇంటి కోడలు కాబట్టి నీడపట్టు. అతను బయటివాడు కాబట్టి గేటు. ఒకే నేరానికి, అదీ చేయని నేరానికి, మనిషిని బట్టి శిక్ష. టీచరమ్మ బెంచీ చివర కూర్చుని, ఉన్నదంతా చెప్పింది. తట్టలో ఎర్రనీళ్ళు, గార, పొర్లిపోయిన మందు. తనది ఎందుకు పొంగిందో, అతనిది ఎందుకు పొంగిందో. అతను సంచీ ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

"ఎప్పటినుంచి తెలుసండీ మీకు?"

"మొన్నటినుంచి."

అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండేది. అతను వంగి బూటు లేసు కట్టుకున్నాడు.

"లాండ్రీ ఆవిడ పాసైందాండీ?"

"అయింది."

"పోనీలెండి. మంచిది," అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అన్నాడు. చెంపమీద కొట్టినా టీచరమ్మకి అంత సిగ్గు పుట్టేది కాదు.

"మీరు ఇక్కడే ఉండండి, వెళ్ళకండి," అని లేచింది.

బావగారు గదిలో ఏదో సంతకం పెడుతున్నారు. భర్త మూల బల్ల దగ్గర రసీదులు రాస్తున్నాడు. ఆమె కూర్చోలేదు. క్లాసులో చెప్పినట్టే, గొంతు పెంచకుండా, మొదటినుంచి చివరిదాకా చెప్పింది. రేడియేటర్ పాతబడిందన్నది అబద్ధమని కూడా చెప్పింది. భర్త కలం ఆగిపోయింది.

బావగారు అంతా విని కుర్చీలో వెనక్కి వాలారు.

"అయితే నేనన్నదే కదా. బండి పాడుచేసింది నువ్వే."

"నేనే. నా చేతులారా పాడుచేశాను. పాడవుతోందని తెలిశాక రెండు రోజులు నోరు మూసుకున్నాను, అది ఇంకా పెద్ద తప్పు. కానీ మీరన్నది అది కాదు బావగారూ. మేం నీళ్ళు పోయలేదన్నారు. మేం పోశాం. మీరు పొయ్యమంటే పోశాం. పోసినవాళ్ళని పోయలేదని ఇంటికి పంపుతున్నారు."

"లారీకి ఇరవై ఏళ్ళు పోశాను నేను."

"లారీ సంగతి నాకు తెలీదు. ఈ కార్లలో మందుండాలి. మీరు బానెట్ ఎత్తి చూస్తే మీకూ కనబడుతుంది. ఒక్కసారి కూడా ఎత్తలేదు మీరు. నా బండికీ ఎత్తలేదు, అతని బండికీ ఎత్తలేదు."

బావగారి మెడ నరాలు ఉబ్బాయి. తమ్ముడి వైపు చూశారు. తమ్ముడు తల వంచుకున్నాడు. కానీ కలం కదల్లేదు.

"తాళాలు అక్కడ తగిలించి ఇంటికి వెళ్ళు," అన్నారు బావగారు, చెయ్యి గోడ వైపు చాపి.

గోడమీద చెక్కపలకకి కొక్కేలు. పొద్దుటి పాఠాలు ముగిసి బండ్లన్నీ తిరిగొచ్చాయి, తాళాలన్నీ వాటికే వేలాడుతున్నాయి. టీచరమ్మ పలక దగ్గరికి వెళ్ళింది. ముసలమ్మ తాళాలు తగిలించలేదు. ఒక్కొక్క కొక్కేన్నించీ మిగతా తాళాలన్నీ తీసి, చీర కొంగులో వేసుకుని ముడివేసింది.

"ఇదేం పని?" అన్నారు బావగారు.

"అన్నిట్లోనూ నీళ్ళు దింపి కడగాలి బావగారూ. అయ్యేదాకా ఏ బండీ కదలదు. కదిలితే ఇంకోడు గేటు బయట ఉంటాడు."

ఆమె గుమ్మం దాటి బెంచీ దగ్గరికి నడిచింది. కొత్త మాస్టారు సంచీ భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడు.

"ఆ బూట్లు విప్పేసి రండి మాస్టారూ, పాడవుతాయి," అంది. "ముందు మీ బండే దింపుదాం."

లోపల బావగారి చెయ్యి ఇంకా గోడ వైపు చాపి ఉంది.